రంగున్న కూర, పుల్లటి కాయ, ఎర్ర మాత్ర: గర్భిణులు, బాలింతల కోసం పోషణ పాఠం

ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీ కేంద్రంలో భోజనం తీసుకునే గర్భిణులు, బాలింతలు, వారి ఇంట్లో వంట చేసే అత్తమ్మలు, అమ్మల కోసం ఈ పాఠం. చదవడం ఇబ్బంది అయితే బడికి పోయే పిల్లలతో చదివించుకుని వినండి. ఫోన్‌లో అక్షరాలు చిన్నగా ఉంటే రెండు వేళ్లతో పెద్దవి చేసుకోవచ్చు.

ఈసారి "యాంటీ ఆక్సిడెంట్లు" గురించి చెప్పుకుందాం. ఈ మాట మీరు టీవీ ప్రకటనల్లో వినే ఉంటారు. పౌడర్ డబ్బాల మీద, జ్యూస్ సీసాల మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. మాకు తెలిసిన ఒక కేంద్రంలో ఐదో నెల గర్భిణి ఒకామె, ఇంటికొచ్చి అమ్మినవాళ్ల మాట నమ్మి అలాంటి డబ్బా ఒకటి కొనుక్కుంది. "ఇందులో అన్నీ ఉన్నాయి, ఇక మాత్రలు ఎందుకు" అని ప్రభుత్వం ఇచ్చిన ఐరన్ మాత్రలు పక్కన పెట్టేసింది. తర్వాతి నెల పరీక్షలో రక్తం ఇంకా తగ్గింది. డబ్బా మీద రాసింది అబద్ధమని కాదు. ఆమెకు కావాల్సింది ఒకటి, డబ్బాలో ఉన్నది ఇంకొకటి. అందుకే ఈ పాఠం రాయాల్సి వచ్చింది.

అసలు ఇవి ఏంటి?

వంకాయ కోసి అలాగే వదిలేస్తే కాసేపటికి ముక్క నల్లబడుతుంది కదా. ఆలుగడ్డ కూడా అంతే. ఇనుప పెనం తడిగా పెడితే తుప్పు పడుతుంది. పల్లీ నూనె ఎక్కువ రోజులు మూత లేకుండా ఉంటే ఒక రకమైన చెడు వాసన వస్తుంది. వీటన్నిటికీ మూలం ఒకటే: గాలిలో ఉన్న ఆక్సిజన్ ఆ వస్తువుతో కలిసి దాన్ని మార్చేయడం.

మన ఒంట్లో కూడా ఇలాంటి పని ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది. మనం తిన్న అన్నం శక్తిగా మారేటప్పుడు, పీల్చిన గాలిలోని ఆక్సిజన్ నుంచి కొన్ని చురుకైన కణాలు పుడతాయి. వీటిని ఫ్రీ రాడికల్స్ అంటారు. ఇవి ఊరికే ఉండవు, పక్కనున్న కణాల పొరలను, కొవ్వులను, ప్రొటీన్లను దెబ్బతీస్తాయి. కొంతవరకు ఇవి మనకు అవసరమే, ఒంట్లోకి వచ్చిన సూక్ష్మక్రిములను చంపడానికి తెల్ల రక్తకణాలు వీటినే వాడుకుంటాయి. హద్దు దాటితేనే చిక్కు. బీడీ, సిగరెట్ పొగ, కట్టెల పొయ్యి పొగ, మళ్లీ మళ్లీ కాచిన నూనె, అదుపులో లేని షుగర్ జబ్బు, ఇవన్నీ ఆ హద్దు దాటించేవే.

ఈ ఫ్రీ రాడికల్స్‌ను చల్లబరిచేవే యాంటీ ఆక్సిడెంట్లు. కొన్నింటిని ఒళ్లే తయారు చేసుకుంటుంది. మిగతావి తిండి నుంచి రావాలి. కోసిన ఆపిల్ ముక్క మీద నిమ్మరసం పిండితే నల్లబడదు, చూసే ఉంటారు. నిమ్మరసంలో పులుపుతో పాటు ఉన్న విటమిన్ సి చేసే పని అది.

మొక్కలకు ఇవి ఎక్కువ ఎందుకంటే, రోజంతా ఎండలో నిలబడేది అవే. ఎండ నుంచి, పురుగు నుంచి తమను కాపాడుకోవడానికి అవి తయారు చేసుకున్న రంగులు, పులుపులు, వగరులే మనకు పళ్లెంలోకి వస్తాయి.

రంగు చూసి పోల్చుకోవడం

పసుపు, నారింజ రంగులో ఉండే గుమ్మడికాయ, క్యారెట్, మామిడిపండు, బొప్పాయిలలో బీటా కెరోటిన్ ఉంటుంది. ఒంట్లోకి వెళ్లాక ఇదే విటమిన్ ఎ గా మారుతుంది. తోటకూర, పాలకూర, మునగాకు, మెంతికూర, పొన్నగంటికూరలో కూడా ఇది చాలా ఉంటుంది. ఆకుపచ్చ రంగు దాన్ని కప్పేస్తుంది కాబట్టి కనపడదు, అంతే. ఆకు ముదిరి పండిపోతే పసుపు రంగు బయటపడేది అందుకే. ముదురు ఆకుపచ్చ కూర చూసినప్పుడు లోపల క్యారెట్ రంగు దాక్కుని ఉందని అనుకోండి.

టమాటా ఎరుపు లైకోపిన్ అనే పదార్థానిది. పుచ్చకాయలో, గులాబీ రంగు జామపండులో కూడా అదే. నేరేడు పండు, నల్ల ద్రాక్ష, వంకాయ తొక్క, వీటి ఊదా రంగు ఆంథోసయనిన్లది. వంకాయ తొక్క తీసేసి వండేవాళ్లు తక్కువే కానీ, కాల్చిన వంకాయ పచ్చడిలో తొక్క ఎలాగూ పోతుంది. వారంలో ఒకసారి గుత్తి వంకాయ అయితే తొక్కతో సహా లోపలికి వెళ్తుంది.

పల్లీలు, నువ్వులు, పొద్దుతిరుగుడు నూనెలలో విటమిన్ ఇ ఉంటుంది. పల్లీ మీద ఎర్ర పొట్టు చెరిగి పారేయకండి, ఆ పొట్టులోనే వగరు పదార్థాలు ఉంటాయి. కాకపోతే బూజు పట్టిన, ముడుచుకుపోయిన, చేదుగా ఉన్న పల్లీలను మాత్రం పారేయాల్సిందే. వాటిలో కాలేయాన్ని దెబ్బతీసే విషం తయారవుతుంది, వేయించినా పూర్తిగా పోదు. రాగులు, జొన్నల పైపొరలో కూడా ఈ వగరు పదార్థాలు ఉంటాయి, అందుకే పొట్టుతో ఉన్న పిండి మంచిది. పసుపులోని కర్క్యుమిన్ గురించి చాలా గొప్పగా చెప్తారు గానీ, అది ఒంటికి పట్టేది చాలా తక్కువ. కూరలో వేసే పసుపు చాలు. ప్రత్యేకంగా గుళికలు కొనాల్సిన పని లేదు.

బీట్‌రూట్, దానిమ్మ: ఎర్రగా ఉంటే రక్తం పడుతుందా?

ఈ ప్రశ్న ప్రతి కేంద్రంలో అడుగుతారు. జవాబు సూటిగా చెప్తాం: బీట్‌రూట్‌లో, దానిమ్మలో ఇనుము చాలా తక్కువ. 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. దానిమ్మలో అంతకన్నా తక్కువ. ఆ ఎరుపు రంగు రక్తానిది కాదు, ఇనుముదీ కాదు, మొక్క తయారు చేసుకున్న రంగు. ఆ రంగులు మంచి యాంటీ ఆక్సిడెంట్లే, తినండి, తప్పేం లేదు. కానీ "రోజూ దానిమ్మ రసం తాగుతున్నా కదా, మాత్ర ఎందుకు" అనుకుంటే మాత్రం మోసపోతాం. ఇనుము విషయంలో పది రూపాయల తోటకూర కట్ట దానిమ్మ కంటే ఎన్నో రెట్లు మేలు.

బీట్‌రూట్ తిన్న మర్నాడు మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడకండి. కొందరికి అలా అవుతుంది. కూర మానేశాక కూడా ఎర్రగానే వస్తుంటే అప్పుడు డాక్టర్‌కి చెప్పాలి.

ఉసిరి, జామ ముందు, ఆపిల్ తర్వాత

విటమిన్ సి మీద కాసేపు ఆగుదాం, ఎందుకంటే గర్భిణికి ఇది రెండు రకాలుగా పనికొస్తుంది. ఒకటి, యాంటీ ఆక్సిడెంట్‌గా. రెండోది ఇంకా ముఖ్యం: ఆకుకూర, పప్పు, రాగుల్లో ఉన్న ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది. మొక్కల్లోని ఇనుము మాంసంలోని ఇనుములా తేలిగ్గా లోపలికి పోదు. పక్కన విటమిన్ సి ఉంటే అది పేగు నుంచి రక్తంలోకి వెళ్లడం రెండింతలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా అవుతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం రోజుకు మామూలు స్త్రీకి 65 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలి. గర్భిణికి 80. బాలింతకు 115. చూశారా, బాలింతకే అందరికన్నా ఎక్కువ. పాల ద్వారా బిడ్డకు పోయేది కూడా ఆమే తినాలి కదా.

ఇప్పుడు ధరలు చూడండి. ఆస్పత్రిలో ఉన్నవాళ్లను చూడ్డానికి పోతే అందరూ ఆపిల్ పండ్లు పట్టుకుపోతారు. 100 గ్రాముల ఆపిల్‌లో విటమిన్ సి ఐదు మిల్లీగ్రాములు కూడా ఉండదు. అదే 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములు దాటుతుంది. ఉసిరికాయలో దాదాపు 250. మునగాకులో 100 పైనే, వండితే కొంత పోయినా మిగిలింది తక్కువేం కాదు. అంటే ఒక పెద్ద ఉసిరికాయ, లేదా సగం జామకాయ, గర్భిణికి ఆ రోజు కావాల్సిన లెక్కను దాదాపు తీర్చేస్తుంది. ఇంటి వెనకాల జామచెట్టు ఉండి, కాయలు కోతులకు వదిలేసి, బజారులో ఆపిల్ కొనే ఇళ్లు మేం చాలా చూశాం.

ఉసిరి పచ్చడిలో కూడా విటమిన్ సి కొంత మిగులుతుంది. కానీ ఉప్పు ఎక్కువ. బీపీ ఉన్న గర్భిణులు పచ్చి కాయే తినడం మంచిది, లేదా పప్పులో వేసుకోవడం.

షుగర్ ఉన్న గర్భిణులు పండ్లను కాయగానే తినాలి, జ్యూస్ తాగొద్దు. జామకాయ, నేరేడు వాళ్లకూ సరిపోతాయి. ఎంత తినాలో డాక్టర్‌ని అడగండి.

చాయ్ మంచిదే, కానీ వేళ తప్పితే

ఇది కొంచెం తిరకాసు విషయం, జాగ్రత్తగా వినండి. చాయ్‌లో కూడా యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయి. ఆ మాట నిజమే. చాయ్‌కి వగరు ఇచ్చేవి అవే. కానీ ఆ వగరు పదార్థాలే అన్నంలోని ఇనుమును, మాత్రలోని ఇనుమును పట్టేసుకుంటాయి. పేగులో రెండూ కలిసి ముద్దలా అయి, ఒంటికి పట్టకుండా బయటికి పోతాయి. భోజనంతో పాటు చాయ్ తాగితే ఒంటికి పట్టే ఇనుము సగానికి పైగా తగ్గిపోవచ్చు.

ఒకే రకం పదార్థం ఒక చోట మేలు, ఇంకో చోట కీడు. అందుకే "యాంటీ ఆక్సిడెంట్లు ఎంత ఎక్కువైతే అంత మంచిది" అనే మాట సరైంది కాదు.

చాయ్ మానేయమని మేం చెప్పట్లేదు. చెప్పినా మీరు వినరని తెలుసు. భోజనానికి గంట ముందు గానీ, తిన్నాక గంట గంటన్నర ఆగి గానీ తాగండి. కాఫీకి కూడా ఇదే మాట. ఐరన్ మాత్ర చాయ్‌తోనో పాలతోనో మింగడం మాత్రం ఒప్పుకోం. పాలలోని కాల్షియం కూడా ఇనుముకు అడ్డం పడుతుంది. అందుకే కేంద్రంలో ఇచ్చే 200 మిల్లీలీటర్ల పాలు తాగిన వెంటనే మాత్ర వేసుకోవద్దు. కాల్షియం మాత్రకీ ఐరన్ మాత్రకీ మధ్య కనీసం రెండు గంటలు తేడా ఉండాలి. చాలామంది మర్చిపోకుండా ఉండాలని రెండూ ఒకేసారి మింగేస్తున్నారు. ఉద్దేశం మంచిదే, ఫలితం మాత్రం సున్నా కింద లెక్క.

రాత్రి పడుకునే ముందు, తిన్న గంట తర్వాత, నిమ్మకాయ నీళ్లతో ఐరన్ మాత్ర వేసుకోవడం చాలామందికి కుదురుతుంది. వికారం కూడా నిద్రలో తెలియదు.

వంటింట్లో పోగొట్టుకోవద్దు

విటమిన్ సి నీళ్లలో కరిగిపోతుంది, వేడికి నశిస్తుంది. బీటా కెరోటిన్, లైకోపిన్ నీళ్లలో కరగవు, వాటికి నూనె కావాలి. ఈ రెండు ముక్కలు గుర్తుంటే మిగతాదంతా మీరే చెప్పగలరు.

ఆకుకూర కోసే ముందు కడగండి. కోశాక కడిగితే, నీళ్లలో నానబెడితే, విటమిన్ సి ఆ నీళ్లతోనే కాలువలోకి పోతుంది. మూత పెట్టి, తక్కువ నీళ్లతో, తక్కువ సేపు ఉడికించండి. ఉడికిన నీళ్లు పారేయకుండా పప్పులో, చారులో కలపండి. ఆకుకూర పచ్చగా కనపడాలని, పప్పు తొందరగా ఉడకాలని సోడా ఉప్పు వేయడం కొందరికి అలవాటు. అది విటమిన్ సి తో పాటు బి విటమిన్లను కూడా పాడు చేస్తుంది. మానేయాల్సిన అలవాటు ఇది.

నిమ్మరసం కూర ఉడుకుతున్నప్పుడు కాదు, దించాక పిండాలి. పళ్లెంలో పిండుకుంటే ఇంకా మంచిది. కేంద్రానికి వచ్చేటప్పుడు సగం నిమ్మకాయ చెంగున కట్టుకుని వచ్చే ఒక అక్క ఉంది. అక్కడి పప్పులో పిండుకుని తింటుంది. మొదట్లో అందరూ నవ్వారు, ఇప్పుడు ఆ పక్కన కూర్చునేవాళ్లు కూడా తెచ్చుకుంటున్నారు.

టమాటా, క్యారెట్, గుమ్మడికాయలకు మాత్రం వేడి మేలే చేస్తుంది. పచ్చిగా తిన్నదానికన్నా కొంచెం నూనెతో ఉడికించి తింటే వాటి రంగు పదార్థాలు ఎక్కువగా ఒంటికి పడతాయి. ఆకుకూర వేపుడులోనైనా, పప్పు తాలింపులోనైనా ఒకటి రెండు చెంచాల నూనె అందుకే ఉండాలి. అసలు నూనే లేకుండా వండడం గొప్ప కాదు.

మునగాకు ఎండబెట్టి పొడి చేసుకుంటే నీడలోనే ఎండబెట్టండి. ఎండలో పెడితే రంగుతో పాటు బీటా కెరోటిన్ కూడా పోతుంది. పెసర్లు, శనగలు మొలకెత్తిస్తే వాటిలో విటమిన్ సి కొత్తగా పుడుతుంది. గర్భిణులు మొలకలను పచ్చిగా కాకుండా ఆవిరి మీద కాస్త ఉడికించి తినాలి, కడుపు ఇన్‌ఫెక్షన్ రాకుండా.

బజ్జీలు, పూరీలు వేసిన నూనెను మళ్లీ మళ్లీ కాచడం పైన చెప్పిన చెడు కణాలను చేతులారా తెచ్చుకోవడమే. మిగిలిన నూనెను వడగట్టి, ఒకటి రెండు రోజుల్లో తాలింపులకు వాడేసి ముగించండి.

మాత్రగా మింగితే పోదా?

పోదు. పరీక్షించి తెలుసుకున్న విషయం ఇది. ఫిన్లాండ్ దేశంలో 29,000 మందికి పైగా పొగ తాగే మగవాళ్ల మీద పెద్ద పరిశీలన చేశారు. కొందరికి బీటా కెరోటిన్ మాత్రలు ఇచ్చారు, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందన్న ఆశతో. 1994లో ఫలితం బయటికి వచ్చింది: మాత్రలు మింగినవాళ్లలో క్యాన్సర్ తగ్గకపోగా ఎక్కువైంది. అమెరికాలో అలాంటిదే ఇంకో పరిశీలనను అదే కారణంతో 1996లో మధ్యలోనే ఆపేశారు.

గర్భిణుల సంగతికి వద్దాం. గర్భంలో బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోయి, ముదిరితే గుర్రపువాతంగా మారే జబ్బును ఆపడానికి, ఆ ముప్పు ఉన్న 2,400 మంది బ్రిటన్ గర్భిణులతో పరిశీలన జరిగింది. కొందరికి ఎక్కువ మోతాదులో విటమిన్ సి, విటమిన్ ఇ మాత్రలు ఇచ్చారు. 2006లో ఫలితం వచ్చింది. జబ్బు తగ్గలేదు. పైగా మాత్రలు మింగినవాళ్లలో తక్కువ బరువు బిడ్డలు ఎక్కువగా పుట్టారు. తర్వాతి పరిశీలనల్లో బరువు విషయం అలా తేలకపోయినా, జబ్బు ఆగుతుందన్న లాభం మాత్రం కనపడలేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పనికి ఈ మాత్రలు ఇవ్వొద్దనే చెప్తుంది.

మరి తిండిలో మేలు చేసేది మాత్రలో ఎందుకు చేయదు? జామపండులో విటమిన్ సి ఒక్కటే ఉండదు. పీచు ఉంటుంది, పొటాషియం ఉంటుంది, ఇంకా ఎన్నో రకాల పదార్థాలు కొద్దికొద్దిగా ఉంటాయి, అవి నెమ్మదిగా ఒంట్లోకి వెళ్తాయి. మాత్రలో ఒకే పదార్థం పెద్ద మోతాదులో ఒక్కసారిగా పడుతుంది. కూరగాయలు, పండ్లు బాగా తినేవాళ్లకు గుండెజబ్బు, పక్షవాతం తక్కువగా వస్తాయని చాలా దేశాల్లో చూశారు. ఆ మేలు ఒక్క యాంటీ ఆక్సిడెంట్‌దే అని విడదీసి చెప్పడం కుదరదు.

అమ్మేవాళ్లు ఒక నంబర్ చూపించి "మా పండులో యాంటీ ఆక్సిడెంట్ శక్తి ఇంత" అంటారు. అది గాజు గొట్టంలో కొలిచిన లెక్క, ఒంట్లో కొలిచింది కాదు. అలాంటి లెక్కల పట్టికను అమెరికా వ్యవసాయ శాఖే 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది, వ్యాపారులు తప్పుగా వాడుకుంటున్నారని.

ఇది చదివి ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలు కూడా అలాంటివేనేమో అనుకోకండి. అవి వేరు. మనలో నిజంగా తక్కువగా ఉన్నదాన్ని పూడ్చడానికి ఇచ్చేవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, దానితో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు. ఫోలిక్ యాసిడ్‌ను 1940లలో ప్రయోగశాలలో తయారు చేసిన బృందాన్ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ ఎర్ర మాత్రలో సగం మన ఊరి మనిషి కష్టమే ఉంది.

ఇళ్లల్లో అనుకునే మాటలు

"ఐరన్ మాత్రలు వేసుకున్నా, నేరేడు పండ్లు తిన్నా బిడ్డ నల్లగా పుడుతుంది." పుట్టదు. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. మాత్ర వల్ల నల్లబడేది విరేచనం ఒక్కటే, దానివల్ల హాని లేదు.

"బొప్పాయి ముట్టుకోకూడదు." పాలు కారే పచ్చికాయ వద్దు, ఆ మాట సరైందే. బాగా పండిన బొప్పాయి కొంచెం తింటే భయం లేదు. అయినా ఇంట్లో పెద్దలకు మనసు ఒప్పకపోతే దాని కోసం గొడవ ఎందుకు, మామిడిపండు, గుమ్మడికాయ అదే పని చేస్తాయి.

"బాలింత ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలు, పండు తింటే జలుబు, పులుపు తింటే కుట్లకు చీము." దీని మీద మాత్రం గొడవ పడాల్సిందే అంటాం. పథ్యం పేరుతో కారం పొడి అన్నం, వెల్లుల్లి కారం మాత్రమే పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కుట్లు, గాయాలు మానడానికి విటమిన్ సి కావాలి. అంటే పులుపు వల్ల చీము పట్టడం కాదు, అది లేకపోతేనే గాయం ఆలస్యంగా మానుతుంది. బాలింతకు 115 మిల్లీగ్రాములు కావాలని పైన చూశాం, కారం అన్నంలో అది దొరకదు. అత్తమ్మా, మీరు ఇది చదువుతుంటే, కోడలికి రేపటి నుంచి మునగాకు పప్పు, పక్కన ఒక నిమ్మచెక్క పెట్టి చూడండి. బిడ్డ కడుపుకు ఏమీ కాదు.

కేంద్రానికి వచ్చేటప్పుడు

రోజుకు 400 గ్రాముల కూరగాయలు, అందులో 100 గ్రాములు ఆకుకూర, పైన 100 గ్రాముల పండ్లు తినాలని జాతీయ పోషకాహార సంస్థ చెప్తోంది. కేంద్రంలో ఒక పూట భోజనంతో ఇంత రాదు. మిగతాది ఇంట్లో రావాలి. గంగవాయిలికూర, పొన్నగంటికూర పొలం గట్ల మీద దొరుకుతాయి. పురుగుమందు కొట్టిన చేను దగ్గర మాత్రం కోయొద్దు. గిన్నెలు కడిగిన నీళ్లు పోయే చోట ఒక మునగ కొమ్మ పాతితే ఏడాది లోపే ఆకు చేతికొస్తుంది.

తల్లీబిడ్డల రక్షణ కార్డు తెచ్చుకోండి. హిమోగ్లోబిన్ పరీక్ష రాసిన గడి చూసుకోండి. గర్భిణికి 11 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత. 7 కన్నా తక్కువ ఉంటే ఆ రోజే పెద్ద ఆస్పత్రికి వెళ్లాలి, మాత్రలతో, కూరలతో ఆగకూడదు. తలసేమియా, సికిల్ సెల్ లాంటి రక్త జబ్బులు ఇంట్లో ఉంటే ముందే ఏఎన్‌ఎం అక్కకు చెప్పండి. బయట కొన్న పౌడర్, గుళికలు ఏవైనా వాడుతుంటే సిగ్గుపడకుండా ఆ డబ్బా కూడా సంచిలో వేసుకుని రండి. అందులో ఏముందో చదివి చెప్తారు.